ఫ్రెంచ్ మోడర్నిస్ట్ కుర్చీ కొనాలంటే: అడుగు చూడండి, కాగితం చూడండి

కుర్చీ నచ్చితే ముందు దాన్ని తిరగేయండి. కూర్చోవడం ఆ తర్వాత. ఇరవయ్యో శతాబ్దపు ఫ్రెంచ్ మోడర్నిస్ట్ ఫర్నిచర్ సేకరించాలని ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి మాట ఇదే. ఎందుకంటే వీటి మీద సాధారణంగా తయారీదారు సంతకం ఉండదు. ఫ్రెంచ్ డిజైనర్ జాఁ ప్రూవే కుర్చీలు ఫ్రాన్స్‌లో విద్యార్థుల వసతి గృహాల కోసం, బడుల కోసం, ఆఫీసుల కోసం తయారయ్యాయి. వాస్తుశిల్పి పియెర్ జాన్నరే కుర్చీలు చండీగఢ్‌లో గుమాస్తాలు, ప్రొఫెసర్లు, వకీళ్లు కూర్చోవడానికి వేల సంఖ్యలో తయారయ్యాయి. వాటిని ఎవరూ కళాఖండాలనుకుని చేయలేదు, కాబట్టి ఎవరూ అడుగున పేరు చెక్కలేదు. ఇప్పుడు ధరలు మాత్రం కళాఖండాల ధరలే. పారిస్ శివారు ఆంతోనీలోని విద్యార్థి వసతి గృహం కోసం ప్రూవే చేసిన 'త్రాపెజ్' బల్ల 2016లో పారిస్ వేలంలో 12 లక్షల యూరోలు దాటింది. విద్యార్థులు అన్నం తిన్న బల్ల అది! సంతకం లేని వస్తువుకు ఇంత ధర పలికే చోట నకిలీలు పుట్టకపోతేనే వింత.

కాబట్టి మీరు డబ్బు పెట్టేది అందానికి కాదు. ఈ కుర్చీ ఎక్కడ, ఎవరి కోసం, ఎప్పుడు తయారై ఎవరి చేతుల మీదుగా మీ ముందుకు వచ్చిందనే చరిత్రకు. ఆ చరిత్ర రెండు చోట్ల ఉంటుంది: కుర్చీ అడుగున, కాగితాల్లో. రెండూ ఒకే కథ చెప్పాలి.

ముందు మీకు కావలసింది ఏదో తేల్చుకోండి

సంతలో మూడు రకాలు ఉంటాయి. ఆ కాలంలోనే తయారైన అసలు వస్తువు ఒకటి. హక్కుదారుల అనుమతితో ఇప్పుడు తయారుచేస్తున్న రీఎడిషన్ ఒకటి. అనుమతి లేని నకలు మరొకటి. ప్రూవే 1934లో రూపొందించిన 'స్టాండర్డ్' కుర్చీని 2002 నుంచి విత్రా కంపెనీ తయారుచేస్తోంది. చండీగఢ్ నగరానికి రూపమిచ్చిన వాస్తుశిల్పి లె కార్బూజియే, పియెర్ జాన్నరే, డిజైనర్ షార్లొత్ పెరియాఁ కలిసి 1928లో రూపొందించిన వాలుకుర్చీని 1960ల మధ్య నుంచి ఇటలీకి చెందిన కస్సీనా తయారుచేస్తోంది. వాటి చట్రం మీద సంతకం ముద్ర, వరుస సంఖ్య ఉంటాయి. చండీగఢ్ నమూనాలను బెంగళూరులోని ఫాంటమ్ హ్యాండ్స్ మంచి పనితనంతో తిరిగి చేస్తోంది.

మీకు కావలసింది కూర్చోవడానికి ఒక మంచి కుర్చీ అయితే రీఎడిషన్ కొనుక్కుని ఇక్కడితో ఆపేయండి. ఇది చిన్నచూపుతో అంటున్న మాట కాదు. అసలు వస్తువు కొన్నవాళ్లలో చాలామంది దాని మీద కూర్చోవడానికి భయపడతారు. కూర్చోవడానికి పుట్టిన వస్తువుకు అంతకంటే అవమానం ఏముంది?

అసలుదే కావాలంటే 'వింటేజ్' అన్న మాటను పట్టించుకోకండి. ఆ మాటకు గడువూ లేదు, హద్దూ లేదు. 1930 ప్రాంతంలో థోనెట్ కంపెనీ తయారుచేసిన వాలుకుర్చీ, 1970లో కస్సీనా తయారుచేసిన వాలుకుర్చీ రెండూ అమ్మకందారు దృష్టిలో వింటేజే. ధరల్లో మాత్రం నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఏ సంవత్సరం, ఎవరి తయారీ అని రెండు ముక్కల్లో అడగండి. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగాలి. ఉదాహరణకు ప్రూవే 1947లో తూర్పు ఫ్రాన్స్‌లోని నాన్సీ పక్కన మాక్సెవిల్‌లో కర్మాగారం పెట్టారు, 1953లో దాని మీద పట్టు కోల్పోయి బయటికి వచ్చేశారు. 1956లో పారిస్‌లో తెరిచిన స్తెఫ్ సీమోఁ గ్యాలరీ ఆ తర్వాత ఆయన డిజైన్లను అమ్మింది. "1958, ప్రూవే స్వయంగా మాక్సెవిల్‌లో చేయించినది" అని ఎవరైనా చెబితే, ఆ మనిషికి చరిత్ర తెలియదనో, మీకు తెలియదని అనుకున్నాడనో అర్థం.

కంటికి అలవాటు చేయండి

ఫోనులో ఫొటోలు ఎన్ని చూసినా చేతికి బరువు తెలియదు. ప్రూవేను చూడాలంటే ఆయన ఊరు నాన్సీ వెళ్లాలి. అక్కడి లలితకళల మ్యూజియంలో ఆయన పని ఉంది, 1954లో కట్టుకున్న సొంత ఇల్లూ ఉంది. పారిస్‌లో రివోలీ వీధిలోని అలంకార కళల మ్యూజియం, జర్మనీ సరిహద్దున వైల్ ఆమ్ రైన్‌లోని విత్రా డిజైన్ మ్యూజియం తప్పక చూడాల్సినవి. చండీగఢ్ మనకు దగ్గర. సెక్టార్ 5లో జాన్నరే నివసించిన 57వ నంబరు ఇల్లు ఇప్పుడు మ్యూజియం. సెక్టార్ 19లో లె కార్బూజియే సెంటర్ ఉంది.

కానీ మ్యూజియంలో ముట్టుకోనివ్వరు. ముట్టుకోవాలంటే వేలానికి ముందు జరిగే ప్రదర్శనలకు వెళ్లండి. పారిస్‌లోని ద్రువో వేలంశాలలో ఎవరైనా ఉచితంగా వెళ్లి చూడవచ్చు. అక్కడి సిబ్బందిని మర్యాదగా అడిగితే కుర్చీని పక్కకు వాల్చి అడుగు చూపిస్తారు. కొనే ఉద్దేశం లేకపోయినా వెళ్లండి. పదిహేను అసలు కుర్చీల అడుగులు చూసిన కన్ను పదహారోదాని దగ్గర తనంతట తనే ఆగుతుంది.

ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక అనుకూలత ఉంది. టేకు, పేము మన ఇళ్లలో పుట్టి పెరిగినవే. తాతగారి పడక కుర్చీ మీద ఆడుకున్నవాళ్లకు పాత టేకు చేతికి ఎలా తగులుతుందో, దాని నూనె వాసన ఎలా ఉంటుందో, చేవ కలపకూ తెల్లచెక్కకూ తేడా ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. పారిస్ కొనుగోలుదారు ఇదంతా పుస్తకాలు చదివి నేర్చుకోవాలి.

వివరణలో ఒక్కో మాటకు ఒక్కో విలువ

ఫ్రాన్స్‌లో అమ్మకానికి పెట్టిన వస్తువును ఏ మాటతో వర్ణిస్తే ఎంత హామీ ఇచ్చినట్టో 1981 మార్చి 3 నాటి ఒక ప్రభుత్వ డిక్రీ నిర్దేశిస్తుంది. వాడుకలో దాన్ని మార్కస్ డిక్రీ అంటారు. సృష్టికర్త పేరుకు ముందు 'ద' అనో 'పార్' అనో ఉండి, ఇంకే షరతూ లేకపోతే, వస్తువు ఆయనదేనని అమ్మకందారు పూచీ పడ్డట్టు. 'అత్రిబ్యుఏ' అంటే వస్తువు ఆ కాలానిదే, ఆయనది అనుకోవడానికి గట్టి ఆధారాలున్నాయి, అంతవరకే. 'స్తీల్', 'గూ', 'మనియెర్', 'దాప్రే' వంటి మాటలు కనిపిస్తే ఏ హామీ లేదని అర్థం. ఇంగ్లీషు కేటలాగుల్లో 'ఆఫ్టర్', 'ఇన్ ద స్టైల్ ఆఫ్' అన్న మాటలు కనిపించినా అంతే జాగ్రత్తగా ఉండండి. చిన్న అక్షరాల్లో ఉన్న ఆ ఒక్క మాట మీద మీ డబ్బంతా ఆధారపడి ఉంటుంది. కేటలాగులోని మాటలే బిల్లులోనూ రావాలని పట్టుబట్టండి. ఫ్రాన్స్‌లో వేలం నిర్వాహకుల మీద దావాకు వేలం జరిగిన రోజు నుంచి అయిదేళ్లే గడువు.

పేరు విషయంలో ఇంకో చిక్కు ఉంది. సంతలో పెద్ద పేరు చిన్న పేరును మింగేస్తుంది. 1929లో పారిస్ సలోఁ దొతోన్ ప్రదర్శనలో ముగ్గురి పేర్లతో కనిపించిన గొట్టపు కుర్చీలను దశాబ్దాల పాటు లె కార్బూజియే ఒక్కరి ఖాతాలో వేశారు. ఇప్పుడు పెరియాఁ పేరుకు గిరాకీ పెరిగింది కాబట్టి తప్పు రెండో వైపుకు తిరిగింది. ఆల్ప్స్ పర్వతాల్లోని లెజార్క్ స్కీ విడిదిలో తోలు కట్టిన స్టీలు గొట్టాల కుర్చీలను 'పెరియాఁ కుర్చీలు' అని అమ్ముతుంటారు. ఆ విడిది నిర్మాణంలో ఆమె పాత్ర నిజమే. ఆ కుర్చీలు మాత్రం ఇటలీలో తయారైనవి. ఆమె వాటిని ఎంపిక చేశారు, రూపొందించలేదు. చండీగఢ్‌లో దీనికి తలకిందుల పరిస్థితి: జాన్నరే బృందంలో ఊర్మిళా యూలీ చౌధురి వంటి భారతీయ వాస్తుశిల్పులు ఉన్నారు, కొన్ని నమూనాల్లో ఆమె చేయి ఉంది. కేటలాగులో ఆమె పేరు కూడా రాసిన అమ్మకందారును నేను కాస్త ఎక్కువ నమ్ముతాను. చదివి రాశాడని తెలుస్తుంది.

ఇప్పుడు తిరగేయండి: కలప

చండీగఢ్ ఆఫీసు కుర్చీని తీసుకుందాం. పక్క నుంచి చూస్తే దాని కాళ్లు తెరిచిన వృత్తలేఖినిలా ఉంటాయి. చేతుల కింద కలిసి, నేల దగ్గర విడిపోతాయి. సీటు, వెన్ను పేము అల్లిక. ఈ ఆకారం ఫ్యాషన్ కోసం పుట్టింది కాదు. 1947 విభజనలో లాహోర్ పాకిస్తాన్‌కు పోయింది, పంజాబ్‌కు కొత్త రాజధాని కావలసి వచ్చింది. ఊరంతా కొత్తది కాబట్టి ఆఫీసులన్నిటికీ ఒకేసారి కుర్చీలు కావాలి. స్థానికంగా దొరికే కలపతో, మామూలు పనిముట్లతో, మామూలు వడ్రంగి చేయగలిగేలా ఉండాలి, ప్రభుత్వ ఆఫీసు వాడకానికి తట్టుకోవాలి. 1951లో వచ్చి 1965 వరకు అక్కడే ఉండిపోయిన జాన్నరే ఈ లెక్కకు ఇచ్చిన జవాబు ఆ కుర్చీ. ఒకే కర్మాగారంలో కాదు, వేర్వేరు చిన్న కార్ఖానాల్లో అవి తయారయ్యాయి.

అందుకే ఒక కుర్చీకీ మరో కుర్చీకీ కొలతల్లో తేడా సహజం. పుస్తకంలో ఉన్న కొలతకు మీ కుర్చీ రెండు సెంటీమీటర్లు తేడాగా ఉంటే బెంగపడకండి. ఒకే అమ్మకందారు దగ్గర ఎనిమిది కుర్చీలు మిల్లీమీటరు తేడా లేకుండా, ఒకే రంగులో, ఒకే తీరు అరుగుదలతో ఉంటే అప్పుడు బెంగపడండి.

ఫోను టార్చి వేసి, వెలుగును ఏటవాలుగా, దాదాపు చెక్కకు ఆనించి పట్టుకోండి. నేరుగా వేస్తే ఏమీ తెలియదు. ఏటవాలు వెలుగులో చెక్క ఉపరితలం కొండలూ లోయలూగా కనిపిస్తుంది. చేతి చిత్రిక పట్టిన చెక్కకు లోపలి వైపు, అంటే ఎవరూ చూడరని వడ్రంగి వదిలేసిన చోట, సన్నటి అలల్లాంటి గుర్తులు, అక్కడక్కడా ఉలి దెబ్బలు, రంపపు గీతలు ఉంటాయి. పైకి కనిపించే వైపు ఎంత నున్నగా ఉందో అడుగూ అంతే నున్నగా ఉంటే రెండే కారణాలు: యంత్రం మీద ఈ మధ్య చేసినదైనా కావాలి, ఉప్పు కాగితంతో గట్టిగా తోమి పాత చర్మం ఒలిచేసినదైనా కావాలి. రెండోది నకిలీ కాదు. కానీ ధర తగ్గాలి.

తర్వాత కాళ్ల చివరలు. మన ఆఫీసుల్లో నేలను తడిగుడ్డతో తుడుస్తారు. ఏళ్ల తరబడి ఆ తడి తాగిన కాలు కింద ఒకటి రెండు అంగుళాల మేర నల్లబడి, నార కాస్త లేచి ఉంటుంది. చేతుల ముందు చివరలు మనుషుల అరచేతి జిడ్డుకు ముదురు రంగు తిరిగి ఉంటాయి. అడ్డపట్టీ మీద బూట్లు ఆనిన చోట అరుగుదల ఉంటుంది. అరుగుదలకు కారణం ఉండాలి. ఎవరూ తాకే అవకాశం లేని మూలలో కూడా గీతలు, దెబ్బలు సమానంగా పరుచుకుని ఉంటే అది వయసు కాదు, ఎవరో పనిగట్టుకుని తెచ్చిన ముసలితనం.

పాత కలపతో కొత్త కుర్చీ చేయడం నకిలీలలో తెలివైన రకం. కూలగొట్టిన ఇళ్ల నుంచి వచ్చిన టేకు దూలాలూ ద్వారబంధాలూ దొరకడం మన దేశంలో కష్టం కాదు. కలప నిజంగానే పాతది, వాసన కూడా పాతదే. పట్టిచ్చేవి రంధ్రాలు. కుర్చీకి ఏ సంబంధమూ లేని చోట పూడ్చిన మేకు రంధ్రం, దాని చుట్టూ తుప్పు మరక కనిపిస్తే ఆ చెక్క గత జన్మలో కుర్చీ కాదు. కుసి దిగిన కీళ్ల దగ్గర కూడా చూడండి. పాత కీలులో దుమ్మూ పాలిషూ కలిసి గట్టిపడిన నల్లటి గీత ఉంటుంది. కొత్త జిగురు మెరుస్తుంది. స్క్రూ తల మీద ప్లస్ గుర్తు ఉంటే అది తర్వాత జరిగిన మరమ్మతు కావచ్చు, ఒక్కదానికే తీర్పు చెప్పకండి. అన్నీ అవే అయితే ఆలోచించండి.

పేము కొత్తదైతే కంగారు అక్కరలేదు. అరవై ఏళ్లు పేము నిలవడం అరుదు, తిరిగి అల్లించడం సాధారణ నిర్వహణే. "పేము కూడా అసలుదే" అని గొప్పగా చెప్పేవారి దగ్గరే ఇంకాస్త ఎక్కువ ప్రశ్నలు అడగండి.

ఇక అక్షరాలు. చాలా చండీగఢ్ కుర్చీల వెనుక వైపు అది ఏ కార్యాలయానిదో తెలిపే పొడి అక్షరాలు, జాబితా సంఖ్య రంగుతో రాసి ఉంటాయి. హైకోర్టు, పంజాబ్ విశ్వవిద్యాలయం, సచివాలయం, కాలేజీలు తమ సామాను తప్పిపోకుండా వేసుకున్న గుర్తులు అవి. గుమాస్తా కుంచెతో వేసిన ఆ అంకెలను ఇప్పుడు కొనేవాళ్లు సంతకంలా చూస్తున్నారు, కాబట్టి కొత్తగా వేసేవాళ్లూ తయారయ్యారు. ఇక్కడ మళ్లీ ఏటవాలు టార్చి. అక్షరం మీదుగా వెళ్లిన ఒక గీతను వెతకండి. గీత రంగును కోసుకుంటూ పోయి కింద చెక్క బయటపడితే, రంగు ముందు వేసింది, గీత తర్వాత పడింది, అది సహజం. రంగు గీత లోపలికి దిగి గాడిని నింపితే, చెక్క గీసుకుపోయి పాతబడ్డాక రంగు వేశారు. ఒక కార్యాలయం రెండోసారి అంకె మార్చి ఉండవచ్చు, నిజమే. కానీ అన్ని అక్షరాలూ అన్ని గాడుల్లోకీ దిగి ఉంటే నేనైతే కుర్చీని నెమ్మదిగా నిలబెట్టి, ధన్యవాదాలు చెప్పి వచ్చేస్తాను.

ఇనుము అయితే

ప్రూవే కమ్మరి పని నేర్చిన మనిషి, రేకును మడిస్తే బలం వస్తుందని చేతులతో తెలుసుకున్నవాడు. స్టాండర్డ్ కుర్చీ ముందు కాళ్లు సన్నని స్టీలు గొట్టాలు. వెనుక కాళ్లు మాత్రం మడిచిన రేకుతో చేసిన బోలు ఆకారాలు, సీటు దగ్గర వెడల్పుగా ఉండి పైకీ కిందికీ సన్నబడతాయి. మనిషి వెనక్కి వాలినప్పుడు బరువంతా పడేది అక్కడే కాబట్టి. ఈ తర్కం తెలిస్తే చూడాల్సింది ఎక్కడో తెలుస్తుంది: వెనుక కాలు అంచు వెంట వెల్డింగ్ అతుకు, దాన్ని అరగదీసిన తీరు, మడత దగ్గర మెత్తటి గుండ్రం. లేజర్‌తో కోసిన కొత్త రేకు అంచు కత్తిలా పదునుగా ఉంటుంది.

రంగు లేచిపోయిన ఒక పెచ్చు దగ్గర భూతద్దం పెట్టండి. బడిలోనో హాస్టల్‌లోనో ఉన్న కుర్చీకి మధ్యలో రంగులు వేసి ఉంటారు. చెట్టు వలయాల్లా పొరలు కనిపించవచ్చు. ఒకే పొర, దాని కింద మెరిసే ఇనుము అంటే కొత్త రంగు. అసలు రంగు మీద తుప్పు ఉన్నా సేకరణదారులు ఇష్టపడతారు, తిరిగి రంగు వేసి మిలమిలలాడించిన దాన్ని ఇష్టపడరు. మన ఇంటి పెద్దలకు ఈ సంగతి నచ్చజెప్పడం కష్టమే. 1941 ప్రాంతంలో యుద్ధకాలపు ఇనుము కొరత వల్ల ఇదే కుర్చీని ప్రూవే పూర్తిగా చెక్కతో కూడా రూపొందించారు. కాబట్టి "ఇనుము లేదు, ఇది ప్రూవేది కాదు" అని తొందరపడకండి.

కాగితాలు అడగండి, సిగ్గుపడకండి

చండీగఢ్ కుర్చీల కథలో అందరికీ ఇబ్బందిగా ఉండే భాగం ఇది. 1990ల నాటికి పాతబడిన ఈ కుర్చీలు ప్రభుత్వ భవనాల డాబాల మీద, వెనుక పెరళ్లలో గుట్టలుగా పడి ఉండేవి. కార్యాలయాలు వాటిని తుక్కు కింద వేలం వేశాయి. పారిస్ వ్యాపారులు వచ్చి ఆ వేలాల్లో కొన్నారు, ఓడల్లో తీసుకెళ్లి బాగుచేయించి అమ్మారు. చాలావరకు చట్టబద్ధంగానే జరిగింది. విలువ తెలియనివాడు అమ్మాడు, తెలిసినవాడు కొన్నాడు. మన 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన వస్తువులనే కాపాడుతుంది, వీటికి ఆ వయసు లేదు. చివరికి 2011 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ వీటి అమ్మకాన్ని, వేలాన్ని నిలిపివేస్తూ ఆదేశాలు ఇచ్చింది. చండీగఢ్‌లో వారసత్వ ఫర్నిచర్‌గా 12,793 వస్తువులను గుర్తించారు.

దీని నుంచి మీరు నేర్చుకోవాల్సింది ఒక తేదీ. కుర్చీ ప్రభుత్వ కార్యాలయం నుంచి 2011కు ముందు బయటికి వచ్చిందా, తర్వాతా? ముందు అయితే రుజువు కావాలి. తర్వాత అయితే మీకు ఆ కుర్చీ వద్దు. ప్రభుత్వ సంస్థల నుంచి ఈ కుర్చీలు దొంగతనానికి గురైన సందర్భాలు ఉన్నాయి. "మా బంధువు అక్కడి ఆఫీసులో పనిచేస్తాడు, నాలుగు తెప్పిస్తాను" అనే మనిషి హైదరాబాద్‌లో తగిలినా, ఢిల్లీలో తగిలినా దండం పెట్టి దూరంగా ఉండండి.

అమ్మకందారుకు ఇలా రాయండి, ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో మార్చుకోండి: "ఈ కుర్చీ ఏ భవనం నుంచి వచ్చింది? ఆ సంస్థ వేలం పత్రం లేదా రసీదు నకలు పంపగలరా? దేశం దాటిన సంవత్సరం ఏది, ఎగుమతి కాగితాలు ఉన్నాయా? మరమ్మతుకు ముందు తీసిన ఫొటోలు పంపండి. ఏ భాగాలు మార్చారు, పాలిష్ తీసేశారా, అక్షరాలను తాకారా? ఈ జవాబులన్నీ బిల్లు మీద రాసి ఇస్తారా?" చివరి ప్రశ్నే అసలు పరీక్ష. ఫోనులో అరగంట కథ చెప్పినవారు బిల్లు మీద రాయమంటే రెండు వాక్యాలకు దిగిపోతారు. మరమ్మతుకు ముందు ఫొటోలు కూడా గట్టి సాక్ష్యమే: మంచి వ్యాపారి దగ్గర అవి ఉంటాయి, విరిగిన కాలు, చిరిగిన పేము, పావురాల రెట్టతో సహా. రసీదు మీద కుర్చీ సంఖ్య ఉంటే దాన్ని కుర్చీ వెనుక సంఖ్యతో మీరే స్వయంగా సరిపోల్చండి. "నలభై పాత కుర్చీలు" అని మాత్రమే ఉన్న రసీదు ఏ కుర్చీకైనా సరిపోతుంది. అది అబద్ధం కాకపోవచ్చు, కానీ మీ కుర్చీకి సాక్ష్యమూ కాదు.

ఫ్రాన్స్ వస్తువులకూ ఇదే పద్ధతి. ఏ వసతి గృహం, ఏ బడి, ఏ ఏడు తీసేశారు అన్నది చూడాలి. పెరియాఁ 1952లో పారిస్ విద్యార్థి నగరంలోని మెక్సికో భవనం, ట్యునీషియా భవనం కోసం ప్రూవే కర్మాగారంతో కలిసి చేసిన పుస్తకాల అరలు పేరున్నవి. అలాంటి దాన్ని అమ్మేవారు ఏ గది నుంచి వచ్చిందన్న దాకా చెప్పగలగాలి.

లెక్క వేసుకోండి

వేలంలో సుత్తి పడిన ధర మీరు కట్టే ధర కాదు. దాని మీద వేలంశాల రుసుము ఉంటుంది. సుత్తి ధర 6,000 యూరోలు, రుసుము 30 శాతం అనుకుంటే అప్పటికే 7,800. ఆపైన పన్నులు, ప్యాకింగ్, రవాణా, బీమా. పెద్ద వేలంశాలల వెబ్‌సైట్లలో పాత ఫలితాలు ఉచితంగా దొరుకుతాయి; అదే నమూనా, అదే స్థితి, అదే స్థాయి కాగితాలు ఉన్నవాటితోనే పోల్చండి. అమ్మకందారు చూపించే అత్యధిక ధరకూ మీ కుర్చీకీ చుట్టరికం ఉండకపోవచ్చు.

అమెరికాలోనో ఐరోపాలోనో స్థిరపడి అక్కడే ఉంచుకునేవారికి ఇంతటితో సరి. భారతదేశానికి తేవాలంటే మాత్రం కొనకముందే కస్టమ్స్ ఏజెంటుతో మాట్లాడండి. వాడిన వస్తువుల దిగుమతి మన విదేశీ వాణిజ్య విధానంలో పరిమితుల కింద ఉంది, ముందుగా అనుమతి కావాలి. వందేళ్లు దాటలేదు కాబట్టి కస్టమ్స్ దృష్టిలో ఇది పాత ఫర్నిచరే తప్ప పురావస్తువు కాదు. కొన్ని చండీగఢ్ ముక్కలు టేకు కాక సిస్సూ (శీషం) కలపతో చేసినవి. రోజ్‌వుడ్ బంధువైన ఆ జాతి 2017 జనవరి నుంచి, ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉంది, కాబట్టి కలప పేరు బిల్లులో స్పష్టంగా రాయించుకోండి.

ఇంటికి వచ్చాక

మొదటి నెల ఏమీ చేయకండి. పాలిష్ అసలే వద్దు. వార్నిష్ డబ్బాతో సిద్ధంగా ఉన్న వడ్రంగిని టీ ఇచ్చి పంపించేయండి. టేకును పొడిగుడ్డతో తుడిస్తే చాలు, ఏడాదికోసారి పల్చగా మైనం. ఎండ పడే కిటికీ దగ్గర, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టకండి; పేము ఎండిపోయి పుటుక్కుమంటుంది. సీటు వదులైతే కుర్చీని తిరగేసి, అల్లిక అడుగు వైపు తడిగుడ్డతో తడిపి నీడలో ఆరనివ్వండి. చాలావరకు తిరిగి బిగుసుకుంటుంది. మోకాలు మోపి ఎక్కడం, పిల్లల్ని నిలబెట్టడం వద్దు. విశాఖ, కాకినాడ వంటి చోట్ల ఉప్పుగాలికి ప్రూవే ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. తేమ తగ్గించుకోవాలే తప్ప పైన రంగు వేయకూడదు. చెదలు సంగతి మీకు చెప్పేదేముంది.

పేము తిరిగి అల్లించాల్సి వస్తే మన ఊళ్లలో ఆ పని తెలిసినవారు ఇంకా ఉన్నారు. పాత అల్లికను దగ్గర నుంచి ఫొటో తీసి, కన్నాల వరుస, పేము వెడల్పు చూపించి, అదే తీరులో చేయమనండి. అందంగా ఉంటుందని కొత్త పూల అల్లిక వేస్తానంటే ఒప్పుకోకండి. తీసేసిన పేము ముక్కల్నీ, మార్చిన పాత స్క్రూల్నీ పారేయవద్దు. కవరులో వేసి, తేదీ, పని చేసినవారి పేరు, ఏ భాగం మార్చారో రాసి, కుర్చీ బిల్లుతో పాటు అదే ఫైల్లో పెట్టండి. రేపు మీ దగ్గర కొనేవారు ముందుగా అడిగేది ఆ కవరునే.